బ్యారెల్ చూసి కొన్న రోజులు

పాత పిస్టల్ ఒకటి బల్ల మీద పెడితే ఈనాటి కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్నలు నాకు సుతరామూ నచ్చవు. "దీనికి పెట్టె ఉందా అంకుల్? కాగితాలున్నాయా? నంబర్లన్నీ కలుస్తున్నాయా? పదేళ్లు దాచితే ఎంత పలుకుతుంది?" బ్యారెల్‌లోకి దీపం వేసి చూసేవాడు లేడు. ట్రిగ్గర్ ఎలా ఉందని అడిగేవాడు లేడు. గుండు ఎక్కడ తగులుతుందన్న ధ్యాసే లేదు. ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగిళ్ల కుర్రాళ్లు కూడా ఈ ధోరణిలోనే పడ్డారు గనుక నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

మా రోజుల్లో పాత పిస్టల్‌ను కాల్చడానికి కొనేవాళ్లం. నెల జీతంతో ఇల్లు నడుపుకునేవాడు, శనివారం పూట రేంజికి వెళ్లి కాగితం మీద గురి చూసుకోవాలని సరదాపడేవాడు, కొత్తది కొనే స్తోమత లేక పాతది కొనేవాడు. అందులో నామోషీ ఏమీ ఉండేది కాదు. పైన నల్లపూత అరిగి ఇనుము తెల్లగా బయటపడినా, చెక్క పిడికి గాట్లు పడినా పట్టించుకునేవాళ్లం కాదు. ఎద్దును కొనే రైతు కొమ్ములకు పూసిన రంగు చూడడు, పళ్లూ గిట్టలూ చూస్తాడు. మా బేరాలూ అలాగే సాగేవి.

నేను ఈ దేశం వచ్చింది 1970లలో. అంతకుముందు నాకు తెలిసిన తుపాకీ అంటే కాలేజీ ఎన్‌సీసీలో బోర్లా పడుకుని కాల్చిన .22 రైఫిలే. ఇక్కడ నా పక్కబల్ల దగ్గర పనిచేసిన పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చినవాడు. నన్ను రేంజికి తీసుకెళ్లి చేయిపట్టి నేర్పింది ఆయనే. ఆయన చెప్పే కబుర్లు వింటే అసూయ పుట్టేది. 1960ల మొదట్లో సైన్యం వాడి పక్కన పెట్టిన .45 పిస్టళ్లను ప్రభుత్వమే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సభ్యులకు 17 డాలర్లకు అమ్మేదట. యూరప్‌లో యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఆయుధాలు ఓడల్లో దిగేవట. వర్జీనియాలోని అలెగ్జాండ్రియా రేవులో శామ్ కమ్మింగ్స్ నడిపిన ఇంటర్‌ఆర్మ్స్ గోదాముల నిండా అవేనట. పత్రికలో ప్రకటన చూసి, కూపన్ నింపి, డబ్బు పంపితే పోస్టులో ఇంటికే వచ్చేవట.

ఆ దారి మూతపడటానికి కారణం చిన్నది కాదు. 1963లో కెన్నెడీని చంపిన రైఫిల్‌ను ఓస్వాల్డ్ అలా పోస్టులోనే తెప్పించుకున్నాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ హత్యలు జరిగాక, అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు జాన్సన్ గన్ కంట్రోల్ చట్టం మీద సంతకం పెట్టాడు. పోస్టు అమ్మకాలు ఆగాయి, విదేశీ సైన్యాల పాత సరుకు దిగుమతి ఆగింది. దాన్ని నేను తప్పుపట్టను. మనిషి ముఖం చూడకుండా పిస్టల్ అమ్మడం ఎప్పటికీ మంచి పద్ధతి కాదు.

నేను వచ్చేనాటికి ఆ ఓడల కాలం అయిపోయింది. కానీ దేశంలోనే ఉన్న పాత సరుకుకు కొదవ లేదు. తాకట్టు దుకాణాల్లో, గన్ షాపుల గాజు అరల్లో కింది వరస చూస్తే స్మిత్ అండ్ వెసన్ .38 రివాల్వర్లు బారులు తీరి ఉండేవి. 1899లో మిలిటరీ అండ్ పోలీస్ అన్న పేరుతో మొదలై, 1957 నుంచి మోడల్ 10 అని పిలవబడిన రివాల్వర్ అది. అరవై లక్షలకు పైగా తయారైంది. అమెరికాలో ఏ ఊరి పోలీసు నడుముకు చూసినా అదే ఉండేది. పోలీసు రోజూ ఒరలో పెట్టి తీయడం వల్ల పైపూత అరిగిపోయేది, కానీ ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్ష కోసం తప్ప కాల్చేవాడు కాదు. అందుకే పైకి దిక్కుమాలినట్టు కనిపించే ఆ రివాల్వర్ లోపల కొత్తదానిలా ఉండేది. వంద డాలర్ల లోపు పెడితే జీవితాంతం కాల్చుకునే వస్తువు దొరికేది.

దుకాణదారుల సంగతి చెప్పాలి. అప్పట్లో గల్లా దగ్గర కూర్చునేవాడు కనీసం ఇరవై ఏళ్లు తుపాకులతో మెలిగినవాడై ఉండేవాడు. రివాల్వర్ చేతికిచ్చే ముందు సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని తాను చూసి, మనకు చూపించి, అప్పుడు అందించేవాడు. మనమూ మళ్లీ చూసుకోవాలి, అదీ మర్యాద. "హ్యామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగు, సిలిండర్ ఎప్పుడు గట్టిపడుతుందో చూడు" అని చెప్పేవాడు. ఆరు గదుల్లోనూ హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చేలోపే సిలిండర్ తాళం పడాలి. హ్యామర్ ఎత్తి ఉంచి బొటనవేలితో వెనకనుంచి తోస్తే పడకూడదు. సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ కదిలిస్తే ఊగకూడదు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు నుంచి పది లోపు ఉండాలి. ఇవన్నీ కొనేవాడికి అమ్మేవాడే నేర్పేవాడు.

ఇప్పుడు గల్లా వెనక నిలబడే కుర్రవాడికి బిల్లు యంత్రం మీద ఉన్న చేయి సిలిండర్ మీద లేదు. కొనేవాడు కూడా చేతికి తీసుకోకముందే ఫోనులో ధర చూస్తున్నాడు. ఆన్‌లైన్ వేలంలో ఎవరో ఎక్కడో ఎంత పెట్టి కొన్నారో చూసి అదే దాని విలువ అనుకుంటున్నాడు. ఆ వేలంలో అమ్ముడైనది పెట్టెలో పడుకున్న వస్తువు, ఇక్కడున్నది పని చేసి అలసిన వస్తువు. రెండింటికీ ఒకటే ధర అడగడం, అడిగిన ధర ఇవ్వడం, ఇద్దరిదీ తెలివితక్కువతనమే.

1990లు కాల్చేవాడికి పండుగ రోజులు. పాత సేకరణ వస్తువుల కింద లెక్కకు వచ్చే సైనిక ఆయుధాల దిగుమతికి 1984లోనే చట్టం మళ్లీ దారి ఇచ్చింది. 1989లో బెర్లిన్ గోడ కూలాక తూర్పు యూరప్ ఆయుధాగారాలు ఖాళీ అయ్యాయి. తూర్పు జర్మనీ, బల్గేరియా మకరోవ్‌లు, చెకోస్లోవేకియా సీజెడ్ 52లు, రొమేనియా టోకరేవ్‌లు, హంగరీ పీఏ-63లు గన్ షో బల్లల మీద గుట్టలుగా ఉండేవి. వంద, నూట యాభై డాలర్లు పెడితే మకరోవ్ వచ్చేది. దాని బ్యారెల్ ఫ్రేమ్‌కు బిగించి ఉంటుంది, కదలదు, అందుకే అంత చిన్న పిస్టల్ అంత బాగా గురికి కొడుతుంది. విప్పితే చేతిలోకి వచ్చే ముక్కలు నాలుగైదే. నికోలాయ్ మకరోవ్ ఎలాంటి మేధావో ఆ పొదుపు చూస్తేనే తెలుస్తుంది.

అదే సమయంలో అమెరికా పోలీసులు రివాల్వర్లు వదిలేశారు. 1986 ఏప్రిల్‌లో మయామీలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఎక్కువ తూటాలు పట్టే పిస్టల్ కావాలన్న వాదం దేశమంతా పాకింది. ఊరూరి పోలీసులూ తమ .38లను, .357లను కొత్త పిస్టళ్ల కింద జమకట్టి ఇచ్చేశారు. అవన్నీ మా రేంజిల దగ్గరికి చేరాయి. అప్పుడు కొన్న పోలీసు రివాల్వర్‌తో ఈనాటికీ మా క్లబ్బులో పోటీకి దిగేవాళ్లున్నారు.

ఆ గుట్టలు ఇప్పుడు లేవు. ఎందుకు లేవో కుర్రాళ్లకు తెలియాలి. ప్రపంచంలో పాత ఆయుధాల నిల్వ అనేది ఊరే బావి కాదు. ఒకసారి అమ్ముడైతే అయిపోయినట్టే. ఎన్నో దేశాలు పాత వాటిని అమ్మకుండా కరిగించేస్తున్నాయి. మిగిలినవాటి మీద దాచుకునేవాళ్ల కన్ను పడింది. ఒకప్పుడు ఎనభై డాలర్లకు బుట్టలో వేసి అమ్మిన రష్యన్ నాగాన్ రివాల్వర్‌కు ఇప్పుడు మూడు నాలుగు వందలు అడుగుతున్నారు. అమెరికా సైన్యం 1911 నుంచి 1985 దాకా వాడిన .45 పిస్టల్‌ను సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం వాళ్లు 2018లో మళ్లీ జనానికి అమ్మడం మొదలుపెట్టారు. దరఖాస్తులు తీసుకుని, లాటరీ తీసి, వరస ప్రకారం ఇచ్చారు. ధర వెయ్యి డాలర్ల దరిదాపుల్లో. మా పెద్దాయన 17 డాలర్ల కథ చెప్పిన పిస్టల్ అదే.

డబ్బు విషయంలో న్యాయంగానే మాట్లాడతాను. రూగర్ కంపెనీ తన మొదటి .22 పిస్టల్‌ను 1949లో ముప్పై ఏడున్నర డాలర్లకు అమ్మింది. ఈనాటి డాలర్లలో అది దాదాపు ఐదు వందలు. అదే కంపెనీ .22 పిస్టల్ ఇప్పుడు కొత్తది కొన్నా అంతే అవుతుంది. అంటే కొత్త సరుకు ధర పెరిగిందన్న ఏడుపులో అర్థం లేదు. నా బాధ పాత సరుకు గురించి. వాడుకోవడానికి పుట్టిన వస్తువును వాడనివాళ్లు కొని, ధర పెంచి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నారు. వాడేవాడికి దొరకకుండా చేస్తున్నారు.

నిజమైన సేకరణకర్త మీద నాకు కోపం లేదు. యుద్ధకాలపు వాల్తర్ పి38 మీద ముద్రలు చదివి, ఏ కర్మాగారంలో ఏ ఏడు చేశారో చెప్పగలవాడు చరిత్రను కాపాడుతున్నాడు. అలాంటివాడి దగ్గర గంటసేపు కూర్చుంటే నాకు సంతోషం. నా గొడవంతా చదవనివాడితో, కాల్చనివాడితో. ధర పెరుగుతుందని ఎవరో చెబితే కొని, నూనె కూడా పూయకుండా తోలు ఒరలోనే పెట్టి బీరువాలో పడేసేవాడితో. తోలు తడిని పీల్చుకుంటుంది, ఇనుము మీద తుప్పు లేస్తుంది. దాచుకోవడం కూడా చేతకానివాడు దాచుకుంటున్నాడు.

ఇక రెండో రకం కుర్రాళ్లున్నారు. వీళ్లు పాతది చూస్తేనే ముఖం తిప్పుకుంటారు. ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టల్ కొత్తది మూడు వందలకు వస్తుంటే పాతది ఎందుకంటారు. ఆ పిస్టల్ మంచిదే, నమ్మకంగా పేలుతుంది, కాదనను. కానీ రేంజిలో వీళ్లు ఏం చేస్తారో చూడండి. ఏడు గజాల దూరంలో కాగితం పెట్టి, పదిహేను తూటాలు పది సెకన్లలో కుమ్మరించి, కాగితం నిండా జల్లెడలా బొక్కలు పడితే ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఒక్కో తూటా ఎక్కడికి పోయిందో వాళ్లకే తెలియదు. అయిదు నిమిషాల్లో పాతిక డాలర్లు పొగైపోతాయి, చేయి మాత్రం ఏమీ నేర్చుకోదు.

మా రోజుల్లో బుల్‌సై పోటీలు వారం వారం జరిగేవి. పిస్టల్ ఒంటి చేత్తో పట్టాలి. యాభై గజాల దూరంలో నెమ్మదిగా, పాతిక గజాల్లో వేగంగా కాల్చాలి. .22 పిస్టల్‌తో తొంభై తూటాలు, .32కు తగ్గని సెంటర్‌ఫైర్‌తో తొంభై, .45తో తొంభై. మొత్తం రెండు వందల డెబ్బై తూటాలకు 2700 పాయింట్లు. ఆ పోటీల్లో నిలబడాలంటే పిస్టల్ కన్నా ముందు మనిషి కుదురుకోవాలి. ఊపిరి, కాళ్ల నిలకడ, వేలి కదలిక, అన్నీ సరిపడాలి. ఎనిమిది తూటాల పాత పిస్టల్ మనిషికి ఆ నిదానాన్ని అలవాటు చేస్తుంది. మ్యాగజైన్‌లో ఉన్నవి తక్కువ గనుక ప్రతి తూటాకూ లెక్క చెప్పుకుంటాడు.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్ విభాగంలో పతకాలు తెచ్చిందని ఇక్కడి కుర్రాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడవలసిందే. కానీ ఆ పతకాల వెనక ఖాళీ పిస్టల్ ఎత్తి పట్టుకుని, గోడకేసి గురి చూసి, ట్రిగ్గర్ నొక్కడం ఒక్కటే సాధన చేసే గంటలుంటాయి. ఆ పని చేస్తామని ముందుకొచ్చేవాడు నాకు కనబడటం లేదు.

ఇంత సణిగాక, కొనాలనుకునేవాడికి దారి కూడా చూపాలి. ఇప్పటికీ తక్కువ ధరలో కాల్చుకునే పాత పిస్టల్ దొరుకుతుంది. సేకరణకర్తలు వద్దన్నవాటినే వెతకండి. మళ్లీ పూత వేయించినది, నంబర్లు కలవనిది, దిగుమతిదారు పేరు స్లైడ్ మీద పెద్దగా చెక్కినది, పిడి మార్చినది, వీటన్నిటికీ వాళ్లు ధర సగం చేస్తారు. గురికి వీటిలో ఒక్కటి కూడా అడ్డురాదు. వాళ్లు వదిలేసిన సగం ధర మీ తూటాల ఖర్చుకు వస్తుంది.

స్పెయిన్ దేశపు స్టార్ బీఎం చూడండి. అక్కడి సివిల్ గార్డు దళం వాడిన 9ఎంఎం పిస్టల్. చూడటానికి .45 కోల్ట్ తమ్ముడిలా ఉంటుంది, ఫ్రేమ్ అంతా ఉక్కు, మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలు. కొన్నేళ్ల కిందట దిగుమతి అయినప్పుడు రెండు వందల డాలర్ల అటూ ఇటూగా అమ్మారు. ఇప్పుడు పెరిగింది, అయినా కొనదగినదే. స్టార్ కంపెనీ 1997లో మూతపడింది, కాబట్టి విడిభాగాలు దొరికినప్పుడే రెండు కొని పెట్టుకోవాలి. ముఖ్యంగా ఫైరింగ్ పిన్. దీన్ని ఖాళీగా పేలిస్తే పిన్ విరుగుతుంది, బ్యారెల్ గదిలో ఉత్తుత్తి తూటా పెట్టుకునే సాధన చేయాలి.

పశ్చిమ జర్మనీ సైన్యం వాడిన వాల్తర్ పి1 కూడా మంచిదే. యుద్ధకాలపు పి38కి ఇది యుద్ధానంతర రూపం, అల్యూమినియం ఫ్రేముతో తేలిగ్గా ఉంటుంది. తర్వాతి కాలంలో చేసినవాటి ఫ్రేములో బలం కోసం ఆరుపలకల ఉక్కు కడ్డీ అడ్డంగా బిగించారు. అది ఉన్నదాన్నే ఏరుకోండి. దాచుకునేవాడు యుద్ధకాలపు దానికోసం వేలు పోస్తాడు, కాల్చేవాడికి ఈ పి1 చాలా మేలు.

బ్రౌనింగ్ హై పవర్ పేరు మన దేశంలో కొందరైనా విని ఉంటారు. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టగా, 1926లో ఆయన పోయాక బెల్జియంలో దియుదోనే సేవ్ పూర్తి చేసిన పిస్టల్ ఇది. బయటికొచ్చింది 1935లో. మన బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ భారత సైన్యం కోసం చేసే 9ఎంఎం పిస్టల్ కూడా దీని రూపమే. బాగా వాడిన పోలీసు సరుకు దొరికితే, స్లైడూ ఫ్రేమూ పగుళ్లు లేకుండా ఉంటే, బేరమాడి తీసుకోండి.

నా మాట అడిగితే మాత్రం మొదటి పిస్టల్ .22 కావాలి. పాత రూగర్ మార్క్ 1 గాని, 1982 నుంచి వచ్చిన మార్క్ 2 గాని. మార్క్ 2లో చివరి తూటా పేలాక బోల్ట్ వెనకే ఆగుతుంది, మార్క్ 1లో ఆగదు. రెండూ విప్పి మళ్లీ బిగించడం కొంచెం చిరాకు పని. నేర్చుకుంటే వస్తుంది. .22 తూటా చవక, వెనక్కి తన్నదు, చప్పుడు తక్కువ. చేయి అదరకుండా ట్రిగ్గర్ నొక్కడం దీనితో వచ్చాకే పెద్ద పిస్టల్ పట్టాలి.

చేతికి తీసుకున్నాక ఏం చూడాలో కూడా చెబుతాను. ముందు ఖాళీ అని రెండుసార్లు నిర్ధారించుకోండి. వీలైతే బ్యారెల్‌ను విడదీసి దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. మెలితిరిగిన గాళ్ల అంచులు పదునుగా కనబడాలి. గుంటలు పడినట్టుంటే పాత తూటాల ఉప్పు తిన్నదని అర్థం. కొద్దిపాటి గుంటలున్నా గురి బాగుండవచ్చు, కానీ ధర తగ్గించమనడానికి అది కారణం. లోపల నల్లటి ఉంగరం లాంటి గీత కనబడితే మాత్రం వెంటనే కింద పెట్టేయండి. బ్యారెల్‌లో గుండు ఇరుక్కున్నప్పుడు వెనక ఇంకోటి పేల్చడంతో ఉబ్బిన గుర్తు అది. మ్యాగజైన్ పెదవులు వంకరపోయాయేమో, స్లైడ్ పట్టాల మీద పగుళ్లున్నాయేమో చూడండి. .357 రివాల్వర్ అయితే బ్యారెల్ వెనక చివర, సిలిండర్‌కు ఎదురుగా ఉండే భాగం అడుగున పగులు వెతకండి. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19లో అక్కడ లోహం పలచన, తేలిక గుళ్ల బలమైన తూటాలు ఎక్కువగా కాల్చితే అక్కడే చీలుతుంది.

ఇంటికి తెచ్చాక మొట్టమొదట రికాయిల్ స్ప్రింగ్ మార్చండి. ముప్పై నలభై ఏళ్లు పనిచేసిన స్ప్రింగ్ నీరసపడి ఉంటుంది, స్లైడ్ వచ్చి ఫ్రేమ్‌ను గుద్దుతుంది. పది పదిహేను డాలర్ల స్ప్రింగ్‌తో పిస్టల్ ఆయుష్షు పెరుగుతుంది. సీజెడ్ 52 కొన్నవాళ్లు ఫైరింగ్ పిన్ కూడా మార్చాలి, పాతది పెళుసు. హ్యామర్‌ను దించడానికి దానికున్న మీటను నమ్మవద్దు, అరిగిన పిస్టల్‌లో దాన్ని నొక్కితే తూటా పేలే ప్రమాదముంది. ఒకసారి మంచి గన్‌స్మిత్‌కు చూపించండి. ఆ ఫీజు వృథా కాదు.

తూటా విషయం ఇంకా ముఖ్యం. పిస్టల్ చవకగా వచ్చిందని మురిసిపోయే ముందు దాని తూటా ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. మా రోజుల్లో టోకరేవ్ తూటాలు డబ్బాల లెక్కన వచ్చేవి. వాటి ప్రైమర్‌లో ఉన్న లవణం వల్ల కాల్చిన రోజే బ్యారెల్‌ను నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పూసేవాళ్లం. ఆ నిల్వలు అయిపోయాయి. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తూటాల కొత్త దిగుమతి అనుమతులకు కూడా అమెరికా అడ్డుకట్ట వేసింది. మకరోవ్ తూటా ఇప్పుడు మామూలు 9ఎంఎం కన్నా ఖరీదు. రెండింటికీ 9 అనే పేరున్నా ఒకదానికి బదులు ఇంకోటి వాడకూడదు, మకరోవ్ గుండు కొంచెం లావు. యుద్ధంలో బ్రిటన్‌కు ఇచ్చిన స్మిత్ విక్టరీ రివాల్వర్లు కొన్నింటి సిలిండర్లను తర్వాత .38 స్పెషల్ పట్టేలా తొలిచారు. వాటిలో పేల్చిన ఇత్తడి గుల్లలు ఉబ్బి చీలతాయి. అలాంటివి చవకగా వచ్చినా వద్దు. కాల్చేవాడు 9ఎంఎం, .38 స్పెషల్, .22, .45, ఈ నాలుగింటిలో ఉంటే బతికిపోతాడు. చేతిలో ఐదు వందలుంటే పిస్టల్‌కు సగం, తూటాలకు సగం పెట్టండి. ఐదు వందలూ పిస్టల్‌కే పోసి, రెండు పెట్టెల తూటాలతో ఏడాది గడిపేవాడికి గురి ఎప్పటికీ రాదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినది చట్టం. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఇక్కడ ఫెడరల్ నేరం. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, వాటి సంగతి లాయరును అడగకుండా అడుగు వేయవద్దు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ అడ్డంకి లేదు. కొనే అర్హత లేని స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనివ్వడం పెద్ద నేరం, మొహమాటానికి పోయి జీవితం పాడుచేసుకోకండి. పక్క రాష్ట్రంలో ఎవరి దగ్గరైనా పిస్టల్ కొంటే అది మీ రాష్ట్రంలోని లైసెన్సు ఉన్న డీలరు ద్వారానే మీ చేతికి రావాలి. యాభై ఏళ్లు దాటిన వాటిని నేరుగా ఇంటికి తెప్పించుకోవడానికి క్యూరియో అండ్ రెలిక్ లైసెన్సు ఉంది, మూడేళ్లకు ముప్పై డాలర్లు. దానితో కొన్న పాత పిస్టల్‌ను కాల్చకూడదని ఎక్కడా లేదు.

ఇంట్లో పిల్లలుంటే తాళం పడే ఇనప్పెట్టె ముందు, పిస్టల్ తర్వాత. తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. దిండు కింద, బట్టల బీరువాలో, కారు డాష్‌బోర్డులో పెట్టేవాడికి నేను కొనవద్దనే చెబుతాను. రేంజి నుంచి రాగానే సీసం పోయేలా చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోవాలి. మా పెద్దాయన నాకు గురి కన్నా ముందు నేర్పినవి ఇవే.

కాబట్టి బాబూ, పాత పిస్టల్ మీద మనసుంటే కొను. పెట్టె, కాగితాలు, నంబర్లు దాచుకునేవాళ్లకు వదిలెయ్. బ్యారెల్ చూడు, ట్రిగ్గర్ చూడు, స్ప్రింగ్ మార్చు, మిగిలిన డబ్బుతో తూటాలు కొనుక్కో. ఊళ్లో రేంజి దగ్గర నాబోటి ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. అడిగితే కాదనకుండా నేర్పుతారు. మేముండగానే వచ్చి నేర్చుకోండి.